బొమ్మా, చిల్లుల అట్టా

షోలాపురం జకార్డు చద్దరు పేరు దేశమంతటా తెలిసినదే. తెలంగాణా నుండి తరలివచ్చిన మన పద్మశాలి కుటుంబాలకు ఆ కీర్తిలో పెద్ద పాలు వున్నది. అయితే చద్దరు మీద నెమలి ఎట్లా వచ్చి వాలుతుందో మన పిల్లల్లో చాలామంది ఎరుగరు. కంప్యూటరు చదువులు చదివే యువకులు యీ సంగతి తప్పక తెలుసుకోవలెను.

ఫ్రాన్సు దేశంలో 1725లో బాసిల్ బుషాన్ అనే ఆయన చిల్లుల కాగితంతో మగ్గం నడిపే దారి చూపినాడు. 1804లో లియాన్ నగరవాసి జోసెఫ్ మేరీ జకార్డు చిల్లుల అట్టలతో ఆ పనిని స్థిరపరచినాడు. ఆయన పేరే మన మగ్గాలకు నిలిచిపోయింది.

చిత్రకారుడు నెమలిని గీస్తే పసివాడికైనా తెలుస్తుంది. కాని తోక అంచున ఏ పోగు లేవవలెనో ఆ బొమ్మ చెప్పదు. పదిమంది పది విధాలుగా నేయవచ్చు. అట్ట సంగతి వేరు. చిల్లు వున్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. సందేహానికి తావే లేదు. అయితే వందలకొద్దీ అట్టలను తిరగవేసి, ఇది నెమలి అని చెప్పగలవా రెవరు? ఒక్క చిల్లు తప్పితే నమూనా మళ్లీ వచ్చినప్పుడల్లా ఆ తప్పూ వస్తుంది. బట్ట చెడుతుంది, కూలి పోతుంది.

యీ రెంటికీ వారధి గళ్ల కాగితం. నిలువు వరుస ఒక పడుగు పోగు, అడ్డు వరుస ఒక పేక, నింపిన గడి ఒక చిల్లు. దూరాన నిలిచి చూస్తే నెమలి, దగ్గరకు వచ్చి చూస్తే లెక్క. అందుచేత అట్ట కొట్టకముందే కన్ను తప్పును పట్టగలదు.

జకార్డు అట్టను చూచే ఇంగ్లండులో చార్లెస్ బాబేజి 1830ల్లో తన గణనయంత్రానికి అట్టలు తలపెట్టినాడు. అట్టలతోపాటు ఆ పాత చిక్కు కూడా కంప్యూటరుకు సంక్రమించినదనవచ్చు. సాఫ్ట్‌వేరు నిర్మాణాన్ని బొమ్మలతో చూపే యు.ఎం.ఎల్. అనే పద్ధతి 1997లో ప్రమాణంగా స్థిరపడింది. చూడటానికి సులువు, కాని ఒకే బొమ్మకు ఇద్దరు రెండర్థాలు చెప్పవచ్చు. జాన్ రేమాండ్ ఏబ్రియాల్ రూపొందించిన ‘బి’ పద్ధతి గణిత సంకేతాలతో నడుస్తుంది. 1998లో పారిస్‌లో ప్రారంభమైన 14వ మెట్రో మార్గంలో డ్రైవరు లేని రైళ్ల భద్రతకు ఆ పద్ధతినే వాడినారు. అక్కడ తప్పితే పోయేది బట్ట కాదు, ప్రాణాలు! కాని ఆ సంకేతాలు చదవటం అందరి తరం కాదు. అందుచేత ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంవారు రెంటినీ జోడించి యు.ఎం.ఎల్.-బి అనే పద్ధతి తయారుచేసినారు. ఉత్త సంకేతాలకంటె బొమ్మ కలిసినది తేలికగా బోధపడుతున్నదని విద్యార్థులతో చేసిన పరీక్షలో తేలింది.

అయినా బొమ్మ వున్నది గదా అని లెక్క నేర్వకుండా కుదరదు. గడి భాష తెలియనివాడికి గళ్ల కాగితం వట్టి నెమలే.

కనుక పెద్దలకు ఒక మనవి. ఇంట్లో పాత గళ్ల కాగితాలుంటే చిత్తుకింద అమ్మవద్దు. యీ ఉగాదినాడు పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని ఒక్క గడి అర్థం చెప్పండి. మిగిలినది వారే చదువుకుంటారు.