జపాన్ సంరక్షణ బీమా (కైగో హోకెన్)

వయసు మీదపడి సొంత పనులు చేసుకోలేనివారి సంరక్షణకు జపాన్ 2000 ఏప్రిల్ 1 నుంచి అమలు చేస్తున్న నిర్బంధ బీమా ఇది. చట్టం 1997 డిసెంబరులో వచ్చింది. 40 ఏళ్లు నిండిన ప్రతివారూ ప్రీమియం కట్టాలి. వృద్ధులు కట్టుకునే వాటా పోగా మిగిలే ఖర్చులో సగం ప్రీమియంల నుంచి, సగం పన్నుల నుంచి వస్తుంది. నడిపేది స్థానిక సంస్థలు.

1973లో 70 ఏళ్లు దాటినవారికి వైద్యం ఉచితం చేశాక, ఇంట్లో చూసేవారు లేని వృద్ధులు జబ్బు నయమైనా ఆసుపత్రుల్లోనే నెలల తరబడి ఉండిపోయేవారు. ఇంట్లో మంచాన పడ్డవారి చాకిరీ ఎక్కువగా కోడళ్ల మీద పడేది. ఆ భారాన్ని సమాజం పంచుకోవాలని హిగుచి కెయికో నాయకత్వంలో 1983లో ఏర్పడిన మహిళా సంఘం పోరాడింది. 1995లో మొదలైన జర్మనీ బీమాలో ఇంటివారికి నగదు తీసుకునే వీలుంది. జపాన్ సేవలనే ఎంచుకుంది. డబ్బు చేతిలో పెడితే కోడలు మళ్లీ ఆ మంచం దగ్గరే కట్టుబడిపోతుందని మహిళలు వాదించారు. ఈ పథకంలో అన్నిటికన్నా విలువైన నిర్ణయం ఇదే. మంచం పట్టిన అత్తమామల సేవను కోడలి బాధ్యతగానే చూసే మన ఇళ్లకూ ఆ వాదన వర్తిస్తుంది.

దరఖాస్తు చేసుకున్నవారి ఇంటికి ఉద్యోగి వచ్చి 74 అంశాలు పరిశీలిస్తారు. లేచి కూర్చోగలరా, తమంతట తాము తినగలరా, మతిమరుపు ఎంత అన్నవి అందులో ఉంటాయి. కంప్యూటర్ అంచనా, వైద్యుడి అభిప్రాయం చూసి నిపుణుల సంఘం 7 స్థాయిల్లో ఒకటి ఖరారు చేస్తుంది. పిల్లలెందరు, వారి సంపాదనెంత అన్నది ఈ నిర్ణయంలో లెక్కకు రాదు. తర్వాత కేర్ మేనేజర్ వారానికి సరిపడా ప్రణాళిక వేస్తారు: ఇంటికొచ్చి సాయపడే సహాయకులు, పగటి సంరక్షణ కేంద్రం, పడక పక్కనే తొట్టి అమర్చి స్నానం చేయించే బృందం. ఖర్చులో 10 శాతం వృద్ధులే కడతారు. ఆదాయం ఎక్కువైనవారికి 2015 నుంచి 20, 2018 నుంచి 30 శాతం వరకు ఉంది.

పగటి సంరక్షణలో మరో పద్ధతీ ఉంది. బీమా రాకముందే, 1993లో, జపాన్‌లోని తొయామాలో ముగ్గురు నర్సులు ఒకే ఇంట్లో వృద్ధులను, పసిపిల్లలను, వికలాంగులను కలిపి చూసే కేంద్రం తెరిచారు. ఆ పద్ధతి తర్వాత తొయామా పేరుతోనే ప్రసిద్ధమైంది.

65 ఏళ్లు దాటినవారి సగటు నెలసరి ప్రీమియం తొలి ఏళ్లలో 2,911 యెన్లు. 2024 నుంచి 6,225 యెన్లు. అంతకంటే పెద్ద చిక్కు మనుషుల కొరత. పని బరువైనది, జీతాలు తక్కువ. అందుకే 2019 నుంచి ప్రత్యేక నైపుణ్య వీసాతో విదేశీయులను తీసుకుంటున్నారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సింగ్ చదివినవారికి జపనీస్ నేర్పించి ఈ ఉద్యోగాలకు పంపుతోంది.