కాలేయంలో గడ్డలన్నీ ఒకటి కావు

ఎల్బీనగర్‌: దిల్‌సుఖ్‌నగర్‌ రహదారి వెంట, ఎల్బీనగర్‌ కూడలి చుట్టుపక్కల స్కానింగ్‌ కేంద్రాలకు కొదవ లేదు. నల్గొండ, సూర్యాపేట వైపు నుంచి బస్సెక్కిన పల్లె రోగులు ముందుగా దిగేదీ ఇక్కడే. కుడి డొక్కలో నొప్పని పరీక్ష చేయించుకుంటే ‘కాలేయంలో గడ్డ’ అని కాగితం చేతికొస్తుంది. ఇక కాలేయ క్యాన్సరేనని ఇంటిల్లిపాదీ ఆశ వదులుకుంటారు. ఆ గడ్డల్లో మందులకు లొంగే రకం ఒకటుంది. అదే కాలేయ లింఫోమా.

లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలకు వచ్చే క్యాన్సర్‌ లింఫోమా. సాధారణంగా మెడ, చంక, గజ్జల్లోని గ్రంథుల్లో మొదలవుతుంది. అవి, ప్లీహం, ఎముక మజ్జ బాగుండి కాలేయంలోనే పుడితే ప్రాథమిక కాలేయ లింఫోమా అంటారు. నాన్‌ హాడ్జ్‌కిన్‌ లింఫోమా రోగులు 10 వేల మందిలో ఇద్దరికి మించి ఇది ఉండదని వైద్య గ్రంథాల అంచనా. 50 ఏళ్ల ప్రాయంలో, పురుషుల్లో ఎక్కువ. హెపటైటిస్‌-సి సోకినవారిలో తరచుగా గుర్తించారు. బరువు తగ్గడం, విడవని జ్వరం, రాత్రి చెమటలు ఉంటాయి. కొందరికి కామెర్లు వస్తాయి. కామెర్లనగానే పసరు తాగించే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు. దానివల్ల విలువైన కాలం వృథా అవుతుంది.

స్కాన్‌లో ఇది మామూలు కాలేయ క్యాన్సర్‌లాగో, వేరేచోటి నుంచి పాకిన దానిలాగో కనిపిస్తుంది. ఏఎఫ్‌పీ, సీఈఏ రక్త పరీక్షలు సాధారణంగా ఉండి, ఎల్‌డీహెచ్‌ పెరిగితే అనుమానించాలి. తేల్చేది మాత్రం బయాప్సీయే. సూదితో తీసిన ముక్కకు ప్రత్యేక రంగు పరీక్షలు చేసి కణం ఏ రకమో నిర్ణయిస్తారు. అంతకుముందే స్టెరాయిడ్లు వాడితే గడ్డ తాత్కాలికంగా కరిగి, పరీక్షలో అసలు జబ్బు దొరకకుండా పోవచ్చు.

ఎక్కువమందిలో కనిపించే రకానికి ‘ఆర్‌-చాప్‌’ చికిత్స. 21 రోజులకోసారి, సాధారణంగా 6 విడతలు. ఇందులో కీలకమైన రిటుక్సిమాబ్‌కు హైదరాబాద్‌కు చెందిన డాక్టర్‌ రెడ్డీస్‌ 2007లో ‘రెడిటక్స్‌’ పేరిట తక్కువ ధర రూపం తెచ్చింది. ఈ మందుకు ముందు హెపటైటిస్‌-బి పరీక్ష తప్పనిసరి. అణగి ఉన్న వైరస్‌ తిరగబెట్టి ప్రాణం మీదికి తేగలదు. కాలేయం బాగా దెబ్బతిన్నాక వస్తే ఫలితం తగ్గుతుంది.

క్యాన్సర్‌ వైద్యానికి రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే ఆసుపత్రి, పంజాగుట్టలో నిమ్స్‌ ఉన్నాయి. 2018 నుంచి ఎల్బీనగర్‌, దిల్‌సుఖ్‌నగర్‌లలో మెట్రో ఎక్కితే, మారకుండా లక్డీకాపూల్‌, పంజాగుట్టలలో దిగవచ్చు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచారు. వెళ్లేటప్పుడు రిపోర్టులతోపాటు బయాప్సీ స్లైడ్లు, మైనపు బ్లాకులు అడిగి తీసుకోవాలి. అవి లేకుంటే మళ్లీ సూది పొడిపించుకోవాల్సి వస్తుంది.