డైనోసార్లను వెతికే బొమ్మల పుస్తకం

కిక్కిరిసిన రంగుల దృశ్యాల్లో దాగిన డైనోసార్లను పిల్లలు వెతికి పట్టుకునేలా రూపొందించే పుస్తకం. జర్మన్ చిత్రకారుడు అలీ మిట్గుచ్ 1968లో తెచ్చిన పుస్తకం ఇలాంటి కిక్కిరిసిన బొమ్మల పుస్తకాలకు బాట వేసింది. బ్రిటిష్ చిత్రకారుడు మార్టిన్ హాండ్‌ఫర్డ్ 1987లో ప్రచురించిన ‘వేర్ ఈజ్ వాలీ?’ వెతుకులాటకు ప్రపంచవ్యాప్త ఆదరణ తెచ్చింది. డైనోసార్లపై బ్రిటన్‌లోని అస్‌బోర్న్ సంస్థ ‘ది గ్రేట్ డైనోసార్ సెర్చ్’ను ప్రచురించింది.

సాధారణంగా ఒక్కో దృశ్యం రెండు పేజీల్లో పరచుకుంటుంది. అంచుల్లో ఒక్కో జంతువు చిన్న బొమ్మ, పేరు, వెతకాల్సిన సంఖ్య ఉంటాయి. జవాబులు చివర ఇస్తారు. డైనోసార్లు జీవించిన ట్రయాసిక్, జురాసిక్, క్రెటేషియస్ కాలాలను విడివిడిగా చూపడం మంచి పుస్తకం లక్షణం. ఉదాహరణకు, స్టెగోసారస్‌కూ టైరనోసారస్‌ రెక్స్‌కూ మధ్య దాదాపు 8 కోట్ల ఏళ్ల ఎడం ఉంది. దృశ్యాల్లో కనిపించినా, ఎగిరే టెరోసార్లు, ఈదే ఇక్తియోసార్లు డైనోసార్లు కావు. చదవడం రాని పిల్లలూ ఈ పుస్తకాలను ఆనందించగలరు.