విద్యుత్తు బొమ్మబండి పూర్వకథ



సంక్రాంతి దినములందు బొమ్మలకొలువు తీర్చుట మన కృష్ణాతీరపు గృహములలో పూర్వాచారము. ఈ కాలమున కొందఱు గృహస్థులు మఱియొక బొమ్మను కూడ పోషించుచున్నారు. బల్లపై పట్టాలు పఱచి, విద్యుత్తుచే నడచు చిన్న రైలింజనును వానిపై పరువెత్తింతురు. “పెద్దవారికి పిల్లలాట యేల?” యని ఆక్షేపించువారు కలరు. ఆ యాక్షేపణకు చరిత్రమే సమాధానము చెప్పగలదు. విద్యుత్తు యింజను విషయమున బొమ్మయే ముందు పుట్టినది. పెద్దబండి దాని సంతతి.

అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమున బ్రాండన్ అను గ్రామము కలదు. అచ్చట థామస్ డావెన్‌పోర్టు అను కమ్మరి 1834లో విద్యుత్తుచే తిరుగు యంత్రమును నిర్మించెను. మఱుసటి యేట చిన్న వలయాకారపు పట్టాలపై చిన్న బండిని నడపి చూపెను. 1837లో దానికి ప్రభుత్వ హక్కుపత్రమును పొందెను. కాని ఆనాడు విద్యుత్తు బ్యాటరీల నుండియే లభించెడిది. వానిలో జింకు కరగిపోవు వ్యయము బొగ్గు వ్యయమును మించెను. పాప మాతడు నష్టపడి, 1851లో గతించెను. యంత్రమున దోషము లేదు. దానికి చౌకయైన ఆహారము లేకపోయెను.

ఆ కొఱతను డైనమో తీర్చినది. 1879లో బెర్లిను ప్రదర్శనమున సీమెన్సు అను శాస్త్రజ్ఞుడు 300 మీటర్ల వలయముపై చిన్న విద్యుత్తు బండిని నడిపెను. నాలుగు మాసములలో సుమారు 86,000 మంది దానినెక్కి తిరిగిరి. చూచువారి కదియు వినోదమే. కాని రెండేండ్లకే ఆ నగరము చెంత ప్రజోపయోగమైన విద్యుత్తు ట్రాము నడచెను. మన దేశమున 1925 ఫిబ్రవరి 3వ తేదీన బొంబాయి నుండి కుర్లాకు తొలి విద్యుత్తు రైలు నడచెను. ఆ సంవత్సరముననే ఇంగ్లండులో హార్న్‌బీ సంస్థవారు తమ తొలి విద్యుత్తు బొమ్మరైలును విక్రయమునకు పెట్టిరి.

ఇక మన సీమ సంగతి. 1889లో నిజాము రైలుమార్గము బెజవాడ చేరెను. 1893లో కృష్ణపై రైలు వంతెన పూర్తియయ్యెను. నాటి బండికి మనవారు పొగబండియని పేరిడిరి. 1979లో ఇబ్రహీంపట్నమున థర్మల్ విద్యుత్కేంద్రము పనిచేయ నారంభించెను. 1980 నాటికి మద్రాసు విజయవాడల నడుమ విద్యుత్తు మార్గము పూర్తియయ్యెను. తెల్లపొణికి కఱ్ఱతో బొమ్మలు చెక్కు కొండపల్లి ఆ విద్యుత్కేంద్రమునకు చేరువనే యున్నది.

బొమ్మబండి యెట్లు నడచునో వినుడు. ఎక్కువగా వాడుకలోనున్న కొలతలో అది అసలు బండిలో 87వ వంతు. ఇరువది మీటర్ల యింజను జానెడుగా మాఱును. పెద్దది మీది తీగనుండి 25,000 వోల్టుల విద్యుత్తును గ్రహించును. చిన్నదానికి 12 వోల్టులు చాలును. ఒక పట్టా నుండి చక్రముల ద్వారా మోటారునకు ప్రవాహము పోయి, రెండవ పట్టా ద్వారా మరలివచ్చును. తీగలను తారుమారు చేసినచో బండి వెనుకకు నడచును. ఇందొక చిక్కు కలదు. మన పెద్దపట్టాల నడుమ వెడల్పు 1676 మిల్లీమీటర్లు. ఆ లెక్కను బొమ్మకు 19 మిల్లీమీటర్లు కావలెను. అంగడిలో దొరకు పట్టాలు ఐరోపా కొలతననుసరించి 16.5 మిల్లీమీటర్లే. కావున మన యింజను బొమ్మ కొంత యిఱుకు దారిలో నడువవలసి యుండును.

పట్టాపై దుమ్ము పేరినచో బండి నిలిచిపోవును. అప్పుడు దానిని మూలపడవేయువానికి అది ఆటవస్తువే. పట్టా తుడిచి, తీగ తెగినదో, చక్రమునకు స్పర్శ తప్పినదో వరుసగా పరీక్షించువానికి అది పాఠశాల. చేని మోటారు నిలిచిన నాడును మొదట చేయవలసినది ఇట్టి విచారణయే కదా! కావున పెద్దలారా, మీ మనుమడు బొమ్మబండి విప్పి కూర్చున్నచో మందలింపకుడు. “ఏల నిలిచినదిరా, నాయనా?” యని యడుగుడు. కమ్మరి డావెన్‌పోర్టు తన కొలిమి చెంత వేసికొన్న ప్రశ్నలును ఇట్టివే.