విత్తనం నుంచి పట్టా దాకా: తెలుగు సేద్యంలో స్త్రీల నిర్ణయాధికారం

తెలుగు పల్లెల్లో సేద్యం ఏనాడూ మగవాడొక్కడి పని కాదు. అరక కట్టడం, సంతలో బేరం మగవాళ్లవైతే నాట్లు, కలుపుతీత, చెరిగి దాచడం ఆడవాళ్లవి. విత్తనం కూడా ఎక్కువగా స్త్రీ చేతిలోనే ఉండేది. గింజ బాగా నిండిన కంకులను ఏరి, ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి కుండల్లో దాచేది. మరుసటి ఏడు ఏ చేనులో ఏది వేయాలో తేల్చేటప్పుడు ఆమె మాటకు బలం ఈ విత్తనం వల్లే వచ్చేది. భూమి మాత్రం సాధారణంగా మగవాడి పేరునే ఉండేది.

1940లలో తెలంగాణలో పాలకుర్తికి చెందిన చాకలి ఐలమ్మ, తాను కౌలుకు చేసుకుంటున్న పొలంలోని పంటను విసునూరు దేశముఖు మనుషులు దోచుకోకుండా, రైతుల పక్షాన పోరాడుతున్న సంఘం అండతో కాపాడుకుంది. దున్నేవారికే భూమి దక్కాలన్న పోరాటంలో స్త్రీలు ముందు నిలిచారు. ఆ తర్వాత జరిగిన భూ పంపకాల్లో మాత్రం పట్టాలు చాలావరకు ఇంటి యజమాని పేరునే వెళ్లాయి.

1960ల చివర హరిత విప్లవంతో దిగుబడులు పెరిగాయి. విత్తనం, ఎరువు, పురుగుమందు దుకాణం నుంచి రావడం మొదలైంది. కొనుగోలు, అప్పు మగవాళ్ల చేతిలో ఉండటంతో, కుండలోని విత్తనంతో పాటు స్త్రీ మాటకున్న విలువా తగ్గింది.

ఈ నష్టాన్ని పూడ్చుకునే ప్రయత్నం జహీరాబాద్ ప్రాంతపు మెట్ట చేలలో గట్టిగా సాగింది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళిత మహిళలు ఊరూరా సంఘాలు కట్టారు. బీడు భూములను సాగులోకి తెచ్చి జొన్న, కొర్ర, సామ, కంది కలిపి వేశారు. సొంత విత్తన నిధులు పెట్టుకుని, అవసరమైనవారికి విత్తనం అప్పుగా ఇచ్చి, పంట వచ్చాక తిరిగి తీసుకున్నారు. ఏటా జరిగే పాతపంటల జాతరలో విత్తనాలను ఎడ్లబండ్ల మీద ఊరూరా తిప్పుతారు. 2019లో ఈ సంఘాలకు అంతర్జాతీయ ఈక్వేటర్ బహుమతి దక్కింది.

విత్తనం మీదే కాదు, ఇంటి డబ్బు మీదా మాట కోసం స్త్రీలు పోరాడారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో వారు సారాపై తిరగబడ్డారు. ఇంటి సంపాదన ఎటు పోవాలో తామే తేల్చాలన్న పట్టుదల ఆ ఉద్యమానికి ప్రాణం. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. ఆ జిల్లా నుంచే పొదుపు సంఘాలు ఊపందుకున్నాయి. బ్యాంకు రుణం స్త్రీ పేరున రావడంతో పెట్టుబడి గురించి మాట్లాడే చోటు ఆమెకు దొరికింది. పురుగుమందులు లేని సాగు, ప్రకృతి సేద్యం కూడా ఈ సంఘాల ద్వారానే విస్తరించాయి.

చట్టం కూడా మారింది. ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్లయినవారికి అది వర్తించలేదు. 2005 కేంద్ర సవరణతో ఆ అడ్డు తొలగింది. అయినా 2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో స్త్రీల నిర్వహణలో ఉన్నవి సుమారు 14 శాతమే. పుట్టింటి భూమిలో వాటా అడిగితే అన్నదమ్ములతో బంధం చెడుతుందన్న భయం నేటికీ చాలామందిని ఆపుతోంది. పంట రుణం, బీమా, ప్రభుత్వ సాయం చాలావరకు పట్టాదారు పాసుపుస్తకాన్ని బట్టే అందుతాయి. అందుకే చేలో చెమటోడ్చే స్త్రీకి పట్టా దక్కినప్పుడే సేద్యంలో ఆమె నిర్ణయం నిలబడుతుంది.