జన్యుపరీక్ష: విజ్ఞానమా, నుదుటి ముద్రా?

ఆబిడ్స్ నుంచి నాంపల్లి వైపు వెళ్తే, మొజంజాహీ మార్కెట్టు చేరువన తుల్జాగూడ భవనాలు వస్తాయి. 1996లో వెలసిన డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రం ఉప్పల్‌కు తరలిపోకముందు కొన్ని సంవత్సరాలు ఇక్కడా, నాంపల్లి గృహకల్పలోనూ పనిచేసింది. న్యాయస్థానాలకు నేరస్థులను గుర్తించి పెట్టడం, వంశపారంపర్య వ్యాధులను నిర్ధారించడం - రెండూ ఆ సంస్థ పనులే. నేరవిచారణలో జన్యువు సాక్ష్యం. వ్యాధి విషయంలో అది పెక్కుసార్లు అవకాశాన్ని మాత్రమే సూచిస్తుంది. ఈ భేదాన్ని విస్మరించిన సమాజం రోగిని సైతం ముద్దాయిగానే చూస్తుంది.

చరిత్ర చెప్పేదీ ఇదే. 1907లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, 1933లో హిట్లరు ప్రభుత్వం వంశదోషాల పేరిట బలవంతపు గర్భనిరోధక శస్త్రచికిత్సలకు చట్టాలు చేశాయి. అవి జాత్యహంకారుల పనులని తోసిపుచ్చవచ్చు. మరి లైనస్ పౌలింగ్ మాటేమిటి? సికిల్‌సెల్ వ్యాధికి మూలం హిమోగ్లోబిన్ అణువులోని మార్పేనని 1949లో నిరూపించిన శాస్త్రజ్ఞుడాయన. అణ్వస్త్ర పరీక్షలను ఎదిరించి నోబెల్ శాంతి బహుమతి పొందినవాడు. ఆయనే 1968లో, ఆ జన్యువున్న యువతీయువకుల నుదుట పచ్చబొట్టు పొడవాలని ప్రతిపాదించాడు. అట్టివారు ఒకరినొకరు పెళ్ళాడకుండా చూడాలన్నది ఆయన సదుద్దేశం. అయితే నల్లవాడి నుదుటి ముద్రను యజమాని ఎట్లా చదువుతాడు? 1970 దశకంలో పరీక్షలు ముమ్మరమైనప్పుడు, ఏ జబ్బూ లేని వాహకులలో కొందరికి ఉద్యోగాలూ, బీమా కూడా నిరాకరించారు.

మన దేశంలో 2023లో సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమం ప్రారంభమైంది. నలభై ఏళ్ళ లోపు ఏడు కోట్ల మందిని పరీక్షించడం దాని లక్ష్యం. ఇది అవసరమైన పనే. తలిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ముందుగా తెలిస్తే పుట్టిన వెంటనే వైద్యం మొదలుపెట్టవచ్చు. హైడ్రాక్సీయూరియా నొప్పులను తగ్గిస్తుంది. కాని పరీక్ష తర్వాత చేతికిచ్చే కార్డు పెళ్ళిచూపుల్లో ఆదివాసీ పిల్ల నుదుటి రాత కాకూడదు. పరీక్షతో పాటు మందూ, సలహా చెప్పే వైద్యుడూ గూడేనికి చేరకపోతే మిగిలేది ముద్ర ఒక్కటే.

జన్యువ్యాధులన్నిటినీ బీమా నుంచి మినహాయించే షరతు వివక్ష అని 2018లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. అమెరికా 2008లోనే ఉద్యోగాలలో, ఆరోగ్యబీమాలో జన్యువివక్షను చట్టంతో నిషేధించింది. మనకు అటువంటి ప్రత్యేక చట్టం లేదు.

కనుక పరీక్ష మంచిదా చెడ్డదా అన్నది అసలు ప్రశ్న కాదు. ఫలితం ఎవరి చేతికి పోతుంది, దాని వెంట చికిత్స వస్తుందా అన్నదే ప్రశ్న. ఈ రెంటికీ ప్రజలు జవాబు రాబట్టుకున్ననాడే ఆ విజ్ఞానం ప్రజలదవుతుంది.