పీప్ సైటు (రివాల్వర్)

గురి చూసేందుకు రివాల్వర్ మీద ఉండే వెనుక సైటులో మామూలుగా ఉండే గాడికి బదులు గుండ్రని చిల్లున్న పలుచని రేకును బిగిస్తే అది పీప్ సైటు. ఆ చిల్లు గుండా ముందు సైటును, దాని మీదుగా లక్ష్యాన్ని చూస్తారు. ఇది రైఫిల్ మీద స్థిరపడిన అమరిక. దీన్ని రివాల్వర్‌కు తెచ్చే ప్రయత్నాలు ఎక్కువగా చూపు మందగించిన షూటర్ల అవసరం మీదే సాగాయి.

చిల్లు, కన్ను

గురి పెట్టేవాడి ఎదుట మూడు దూరాల్లో మూడు వస్తువులుంటాయి: వెనుక సైటు, ముందు సైటు, లక్ష్యం. కంటి కటకం ఒకసారికి ఒక్క దూరానికే కుదురుకుంటుంది. కుర్రకళ్ళు ఈ మూడింటి మధ్య చకచకా మారగలవు. వయసుతో కటకం బిరుసెక్కాక ఆ వెసులుబాటు పోతుంది; అదే చత్వారం. 'చత్వారింశత్' అంటే నలభై. చత్వారం అన్న పేరులోనే ఆ వయసు ఉంది. కంటికి దగ్గరగా సన్నని చిల్లు పెడితే చెదిరిన కిరణాలు ఆగిపోయి, దగ్గరివీ దూరపువీ కూడా ఓ మాదిరి తేటగా కనబడతాయి. కంటి ఆసుపత్రిలో అక్షరాల పట్టిక ముందు కూర్చోబెట్టి చిల్లుల నల్లబిళ్ళ అడ్డం పెట్టేది ఈ సూత్రం మీదే. బిళ్ళతో చూపు మెరుగైతే అది అద్దాలతో సరిపోయే లోపమని వైద్యులు అంచనా వేస్తారు.

జెస్యూట్ పండితుడు క్రిస్టోఫ్ షైనర్ 1619 నాటి 'ఓక్యులస్' గ్రంథంలో, రెండు చిల్లుల అట్టతో కంటి సర్దుబాటును పరీక్షించాడు. డచ్చి నేత్రవైద్యుడు డాండర్స్ 1864లో లండన్‌లో వెలువడిన పుస్తకంలో సర్దుబాటు లోపాలకూ వక్రీభవన లోపాలకూ తేడా స్పష్టం చేశాడు. చిల్లుకు హద్దులూ ఉన్నాయి. వెలుతురు తగ్గుతుంది. మరీ సన్ననిదైతే కాంతి వివర్తనం చెంది అంచులు మళ్ళీ మసకబారతాయి. రెటీనా మధ్యభాగం దెబ్బతిన్నవారికి ఇది ఉపకరించదు.

క్రీడ్‌మూర్ నుంచి లైమన్ దాకా

చిల్లు సైటు ఆలోచన పాతదే. యూరప్‌లో అడ్డవిల్లుల మీద, వత్తి తుపాకుల మీద కూడా అలాంటి సైట్లు ఉండేవి.

1874 సెప్టెంబరు 26న న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లోని క్రీడ్‌మూర్ మైదానంలో ఐర్లండ్, అమెరికా జట్లు తలపడ్డాయి. జట్టుకు ఆరుగురు, 800, 900, 1000 గజాల దూరాలు, ఒక్కొక్క దూరానికి మనిషికి పదిహేను గుళ్ళు. ఐరిష్‌వారివి మూతి నుంచి మందు దట్టించే రిగ్బీ రైఫిళ్ళు, అమెరికన్లవి వెనుక నుంచి తూటా పెట్టే రెమింగ్టన్, షార్ప్స్. సైట్లు మాత్రం ఇరుపక్షాలవీ వెర్నియర్ కొలతలతో ఎత్తు సవరించుకునే చిల్లు బిళ్ళలే. ఐరిష్ షూటర్ మిల్నర్ ఒక గుండును నేరుగా నడిబొడ్డుకే కొట్టాడు గాని, అది పక్కవాడి లక్ష్యం. ఆ గుండుకు సున్నా వేశారు. చివరి గుండు అమెరికన్ కర్నల్ జాన్ బోడీన్‌ది. అంతకు కాస్త ముందే సీసా పగిలి చెయ్యి తెగడంతో, నెత్తుటి చేతికి రుమాలు చుట్టుకునే కాల్చాడు. గుండు తగిలింది. లెక్క 934–931. ఆ రోజు తరువాత వెర్నియర్ సైటుకు అమెరికాలో గిరాకీ పెరిగింది.

పోటీ మైదానానికి సరిపడే ఆ బిళ్ళ వేటలో అక్కరకు రాలేదు. చిల్లు సన్నం, చుట్టూ రేకు వెడల్పు కావడంతో కదిలే జంతువు దాని చాటున పడేది. కనెటికట్ రాష్ట్రం మిడిల్‌ఫీల్డ్‌కు చెందిన వేటగాడు విలియం లైమన్ దీన్ని తలకిందులు చేసి చిల్లును పెద్దది, అంచును సన్ననిది చేశాడు. కంటికి దగ్గరగా ఉన్న ఆ సన్నటి వలయం చూపులో కరిగిపోతుంది. ముందు సైటును నడుమకు తెచ్చుకునే పని కన్ను దానంతటదే చేసుకుంటుంది. 1879లో పేటెంటు పొందిన ఈ ముచ్చటైన ఆలోచన, ఆ తర్వాతి పీప్ సైట్లెన్నిటికో మాతృక. 20వ శతాబ్దంలో సైన్యాలూ దీన్నే అనుసరించాయి. అమెరికా ఎం1 గారండ్ మీదా, ఇషాపూర్‌లో తయారై భారత సైన్యం దశాబ్దాలు మోసిన 7.62 ఎస్‌ఎల్‌ఆర్ మీదా వెనుక సైటు చిల్లే.

రివాల్వర్‌పై

లైమన్ కాలంలోనే రివాల్వర్ సైటు వేరే దారి పట్టింది. 1873 నాటి కోల్ట్ సింగిల్ యాక్షన్‌కు వెనుక సైటంటే చట్రం పైభాగాన గీసిన ఓ కాలువ. ప్రదర్శనల షూటర్ ఐరా పెయిన్ ముందు సైటు కొసకు పూస పెట్టాడు. 1890ల్లో ఇ.ఇ. పాట్రిడ్జ్ ఆ పూసనూ తీసేసి నలుచదరపు కమ్మీ, నలుచదరపు గాడి పెట్టాడు. రెండు పక్కలా సమంగా వెలుగు గీత కనబడితే గురి కుదిరినట్టు. పాట్రిడ్జ్ పద్ధతికి పదునైన కళ్ళు పెట్టుబడి. చత్వారం వచ్చినవాడికి కమ్మీ అంచు బూజు పట్టినట్టు అలుక్కుపోతుంది.

మరి రైఫిల్ చిల్లు ఇక్కడికెందుకు రాలేదు? రైఫిల్‌లో చిల్లు కంటికి కొద్ది సెంటీమీటర్లలోనే ఉంటుంది. రివాల్వర్‌ను చెయ్యి చాచి పట్టాలి. కాల్చగానే ఎగిరే ఆయుధాన్ని కంటి దగ్గరకు తేవడం ప్రమాదం. చిల్లు సుమారు 60 సెంటీమీటర్ల దూరాన ఉంటే దాని స్వభావమే మారుతుంది. 2 మిల్లీమీటర్ల చిల్లు గుండా దూరపు లక్ష్యం నుంచి వచ్చే కిరణాల కట్ట 2 మిల్లీమీటర్లుగానే కంటిని చేరుతుంది కాబట్టి లక్ష్యం కాస్త తేటపడుతుంది. ముందు సైటు చిల్లుకు అవతల 20 సెంటీమీటర్లలోనే ఉంటుంది గనుక, దాని కిరణాలు విచ్చుకుంటూ వచ్చి కనుపాప దగ్గర 8 మిల్లీమీటర్లవుతాయి. పట్టపగటి కనుపాప అంత వెడల్పుండదు. కాబట్టి ముందు సైటు మసక అలాగే ఉంటుంది. వెరసి రివాల్వర్ పీప్ సైటు ఒంటరిగా చత్వారానికి మందు కాదు. ముందు సైటు దూరానికి సరిపడే కళ్ళద్దంతో కలిపి వాడినప్పుడే ఫలితమిస్తుంది. చిల్లు గుండా కనబడే మేర తక్కువ కావడం, మసక వెలుతురులో ఏమీ కనబడకపోవడం మిగిలిన చిక్కులు.

చిల్లు కంటికి దూరమవడమన్న చిక్కుకు తెలివైన పరిష్కారం, చిల్లును తుపాకీ మీంచి తీసి కళ్ళద్దాలకు అంటించడం. అమెరికాలో మెరిట్ పేరుతో అమ్మిన సాధనం రబ్బరు పట్టుతో కళ్ళజోడుకు అతుక్కునే చిన్న ఐరిస్. వెలుతురును బట్టి చిల్లును వెడల్పు చేసుకోవచ్చు, సన్నం చేసుకోవచ్చు. పోటీ షూటర్లు వాడే జర్మన్ నాబ్లాక్, స్విస్ ఛాంపియన్ ఫ్రేములకూ ఐరిస్ తగిలించుకోవచ్చు. తుపాకీ మీదే చిల్లు కావాలన్నవారికి పెద్ద చిల్లు, సన్నటి అంచు గల 'ఘోస్ట్ రింగ్' సైట్లున్నాయి. వీటిని ఆయుధ శిక్షకుడు జెఫ్ కూపర్ ప్రచారం చేశాడు. ఇవి వేగానికే గాని చూపు దిద్దడానికి కావు.

1975లో స్వీడన్‌కు చెందిన ఎయిమ్‌పాయింట్ ఎర్రచుక్క సైటును అమ్మకానికి తెచ్చింది. చుక్క, లక్ష్యం రెండూ ఒకే దూరాన ఉన్నట్టు కనబడతాయి కాబట్టి చత్వారం బెడద తప్పింది. ఆస్టిగ్మాటిజం ఉన్నవారికి మాత్రం ఆ చుక్క ముళ్ళచెండులా విచ్చుకుంటుంది. అలాంటివారు చుక్కను కూడా చిల్లు గుండా చూస్తే గుండ్రంగా కనిపిస్తుంది.

అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల ప్రకారం రైఫిల్ పోటీల్లో చిల్లు సైటుకు అనుమతి ఉంది. పిస్టల్ పోటీల్లో గాడి సైటే వాడాలి. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యాన్ని చిల్లు గుండా చూసి గెలిచాడు. అదే నగరానికి చెందిన ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ రజతాన్ని గాడి సైటుతో గెలిచింది.